వెనక గదికి పెట్టిన అద్దాల తలుపు

మా అత్తకు మోకాళ్లు పట్టేసిన ఏడాది మా వెనక గది గోడ పగలగొట్టించాం. అంతకుముందే ఆమె వెనక మెట్ల మీద జారిపడి తుంటికి దెబ్బ తగిలించుకుంది. ఇక పెరట్లోకి వెళ్లలేక రోజంతా మంచం మీదే ఉండేది. పెరడంటే ఆమెకు ప్రాణం. హౌజులో నీళ్లు, జామచెట్టు, కోళ్లు, ఎండబోసిన కందులు అన్నీ తన కళ్ల ముందుండాలి. ఇప్పుడు కళ్ల ముందున్నది గోడ. ఆ కోపమంతా మా మీద చూపించేది. చాయ్ చల్లారిందని ఒకసారి స్టీలు గ్లాసు విసిరితే అది నా చెవి పక్కనుంచి పోయి తలుపుకు తగిలింది. వయసులో ఏళ్ల తరబడి చెరుకు కోతలకు వలసపోయిన మనిషి. కాళ్లు పోయినా చేతుల్లో సత్తువ పోలేదు.

మా ఆయన గూడ్స్ ఆటో నడుపుతాడు. జహీరాబాద్‌లో ఎవరింట్లోనో సామాను దించుతూ పక్కకు జరిగే అద్దాల తలుపు చూసి వచ్చాడు.

"గోడ తీపిచ్చి గసొంటిది పెట్టిస్తనమ్మా. మంచం మీదికెళ్లే పెరడంత కనవడ్తది" అన్నాడు.

"అద్దం పలుగుతది."

"జల్దీ పలగది. గట్టి అద్దం."

గోడ పగలగొట్టిన రోజు ఇల్లంతా అదిరింది. సమ్మెట దెబ్బ పడ్డప్పుడల్లా మా నాలుగేళ్ల పాప నా చీరలో దూరింది. అత్త మాత్రం కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, దుమ్ములో అక్కడే కూర్చుంది. "ఇంక గట్టిగ కొట్టున్రి, తిండి తినలేదా" అని కూలీలను గదిమింది. తర్వాత మా ఊరి అల్యూమినియం పనాయన ఫ్రేము బిగించి, కింద పట్టాలు వేసి, అద్దాలు నిలబెట్టాడు. ఒక అద్దం కదలదు, ఇంకొకటి దాని వెనక్కి జరుగుతుంది. ఆ సాయంత్రం అత్త మంచాన్ని అద్దం ముందుకు లాగించుకుంది. లోపలి నుంచే కోళ్లను తిట్టింది. చాలా రోజులకు కడుపునిండా తిన్నది.

కోతుల మందలు మాకు కొత్త కాదు. పొద్దున్నే ఇళ్ల మీదుగా వస్తాయి, జామకాయలు కొరికి పారేస్తాయి, పోతాయి. మా పెరట్లోకి వచ్చే మందకు పెద్ద ఒక మగకోతి, దాని కుడి చెవి చిరిగి ఉంటుంది. తలుపు పెట్టాక మొదటిసారి వచ్చినప్పుడు అది కందుల దగ్గర కూర్చుని తల ఎత్తింది. అద్దంలో తనలాంటి మరొక మగకోతిని చూసింది. పళ్లన్నీ బయటపెట్టి ఎగిరి ఆ ముఖం మీద కొట్టింది. అద్దం దడదడలాడింది. పాప ఏడ్చింది.

అప్పటినుంచి రోజూ అదే పని. వచ్చేది, కొట్టేది, కొరకబోయేది. వేళ్ల గోళ్లు ఊడి నెత్తురు కారినా ఆపేది కాదు. నేను రోజూ అద్దం మీది నెత్తురూ చొంగా కడిగేదాన్ని. మా ఆయన పటాకులు కాల్చాడు, రాళ్లు విసిరాడు. నేను అద్దానికి అడ్డంగా పాత చీరలు కడితే అత్త చేతికర్రతో లాగి పడేసింది.

"కోతికి భయపడి చీకట్ల కూసుంటనా నేను? రానియ్యి దాన్ని."

ఒకరోజు మా ఆయన కంది బస్తాలు వేసుకుని పోయాడు. నేను ముందు గదిలో మిషన్ మీద జాకెట్ కుడుతున్నాను. పాప నానమ్మ దగ్గర ఉంది. కోడికి బిస్కెట్ వేద్దామని తలుపు జరిపిందట. అత్త వద్దనే లోపే ఆ చిరిగిన చెవి కోతి లోపలికి వచ్చింది.

నాకు ముందు వినిపించింది అత్త కేక. చేనులో అడవిపందులను తరిమేటప్పుడు వేసే కేక అది. పరుగెత్తి వెళ్లేసరికి మంచం ఖాళీగా ఉంది. కోతి పాప చేతిని నోట కరుచుకుంది. అత్త నేల మీద, వంగని ఆ మోకాళ్ల మీదే ఉండి, కోతి మెడ వెనక చర్మం రెండు పిడికిళ్లతో పట్టి గుంజుతోంది. అది పాపను వదిలి, గిర్రున తిరిగి అత్త ముంజేతిలో పళ్లు దించింది. అత్త పట్టు వదల్లేదు. నేను పీట ఎత్తి దాని నడుం మీద వేశాను. అది విడిపించుకుని వెలుగు వైపు దూకింది. తెరిచి ఉన్న వైపు కాదు, కదలని అద్దం వైపు. తల కొట్టుకుని పడింది. లేచి మళ్లీ ఆ అద్దానికే కొట్టుకుంది.

ఈలోగా అత్త మంచం కోడు పట్టుకుని లేచింది. చేతికర్ర తీసుకుంది. మొదటి దెబ్బ కోతి భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. రెండో దెబ్బ తప్పి అద్దం అంచుకు తగిలింది. అద్దం మొత్తం, జొన్నల బస్తా చిరిగినట్టు, జలజలా కుప్పగా రాలిపోయింది. ఆ కుప్పలో కోతి దొర్లుతోంది. అత్త దాని మీద నిలబడి కొడుతూనే ఉంది.

"నా పిల్లను కొరుకుతవా? నా పిల్లనా?"

"ఇడ్సిపెట్టత్తా, సస్తది" అని నేను చేయి పట్టుకున్నాను. మోచేత్తో నన్ను నెట్టేసింది. నా పెదవి చిట్లింది. ఆమె ముంజేతి నుంచి నెత్తురు కర్ర మీదికి, అక్కడినుంచి కోతి మీదికి చిందుతోంది. కర్ర చేతిలోంచి జారిపోయిన తర్వాతే ఆగింది. కోతి ఎడమ చేయి వేలాడేసుకుని, పాకుతూ వెళ్లి హౌజు మీదుగా గోడ ఎక్కింది.

కేకలు విని వచ్చిన పక్కింటి ఖాలా పాపను ఎత్తుకుపోయి నల్లా కింద పెట్టింది. "సబ్బు తే, ఊకె సూడకు" అని నన్ను కసిరింది. నానమ్మా మనవరాళ్ల గాయాలను సబ్బుతో కడిగి కడిగి, ఆటో మాట్లాడి మమ్మల్ని దవాఖానకు తీసుకుపోయింది. గాయంలోనే సూది దించుతుంటే పాప నా మెడ రక్కేసింది. "పొల్లకు ముందుగాల ఎయ్యిబిడ్డా, నాకు తర్వాత" అని అత్త అంతకుముందే నర్సుతో చెప్పింది.

మా ఆయన వచ్చి పాప చేతి కట్టు చూశాడు. ఏమీ అడగకుండా ఆటోలోంచి ఇనుప రాడ్ తీసుకుని ఇళ్ల వెనకంతా తిరిగాడు. కోతి దొరకలేదు. తిరిగొచ్చి జామచెట్టును రాడ్‌తో కొట్టాడు, బెరడు ఊడేదాకా.

కొన్నాళ్లు ఆ ఖాళీకి తాటిపత్రి పట్టా కట్టుకుని గడిపాం. కొత్త అద్దం తెచ్చినప్పుడు పనాయన, మసక కాగితం అంటిస్తే కోతికి తన ముఖం కనిపించదని చెప్పాడు. "మరి నాకేం కనవడ్తది?" అని అత్త ఒప్పుకోలేదు.

కొత్త అద్దం పెట్టిన కొద్ది రోజులకే మంద వచ్చింది. చిరిగిన చెవి కోతి అందరికీ వెనక, మూడు కాళ్ల మీద వచ్చింది. మందలో ఒక కుర్ర మగకోతి దాని కోసమే కాచుకున్నట్టు గోడ మీదినుంచి దూకింది. రెండూ కందుల మీద పడి దొర్లాయి. కుర్రది మెడ కొరికింది, తొడ చీల్చింది. తక్కినవి గోడ మీద కూర్చుని అరిచాయి. ముసలిది పెనుగులాడుతూ వెనక్కి వెనక్కి వచ్చి, మా అద్దానికి వీపు ఆనించి కూలబడింది. అవతలిది మీదపడి కొరుకుతోంది. ఇవతల మేం. మధ్యలో అద్దం ఎర్రబడుతోంది. నేను పాప కళ్లు మూశాను.

"సావనీ" అన్నాడు మా ఆయన.

అత్త మంచం దిగింది. మాకు అర్థమయ్యేలోపే తలుపు జరిపి, చేతికర్రను కుర్రకోతి మీదికి విసిరింది. కర్ర దాని ముఖానికి తగిలింది. అది కీచుమని వెనక్కి గెంతింది. మా ఆయన తల్లిని నడుం పట్టి లోపలికి లాగి తలుపు మూశాడు. "పాగలైనవా?" అని ఆమె మీద చేయి ఎత్తి, ఎత్తిన చేత్తోనే గోడను గుద్దాడు.

మంద వెళ్లిపోయింది. ముసలి కోతి హౌజు పక్కకు పాకి, మధ్యాహ్నానికి చచ్చిపోయింది. మాది చర్చికి పోయే ఇల్లు. అయినా వాడకట్టు వాళ్లు పసుపు, కుంకుమ, ఎర్రగుడ్డ తెచ్చి, పూలు వేసి తీసుకుపోయారు. గుంత మా ఆయనే తవ్వాడు.

మర్నాడు అత్త మోకాళ్లకు నూనె రుద్దుతూ అడిగాను.

"దాన్ని సంపబోయింది నువ్వే గదత్తా. మల్ల తలుపెందుకు తీసినవ్?"

"నా పిల్లను కొరికిందని కొట్టిన. గా ముచ్చట వేరే." పెరట్లోకి చూస్తూ చెప్పింది. "సెరుకు కోతల కాడ మీ మామ నన్ను గుడిసె ముంగట ఏసి తన్నిండు. సెరుకు గడ ఇరిగితె ఇంకోటి తెచ్చి కొట్టిండు. సుట్టు అన్ని మన దిక్కు గుడిసెలే. అందరు ఎవల తలుపుకాడ వాళ్లు నిలవడి సూసిన్రు. ఒక్కలు రాలె."

నేను మామను చూడలేదు. గోడ మీది ఫోటోలో నెమ్మదస్తుడిలా ఉంటాడు. మా ఆయన కూడా ఎప్పుడూ ఈ మాట చెప్పలేదు. అతనికి తెలుసో తెలియదో నేను అడగలేదు. నా చేయి ఆగిపోయింది.

"ఆపినవేంది, రుద్దు" అంది అత్త.

పాప ఆ గదిలోకి రావడానికే భయపడుతుంటే చివరికి అత్తే మసక కాగితానికి ఒప్పుకుంది. సగం ఎత్తు వరకు అంటించాం. దాని పైనుంచి కనబడేలా ఆమె మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టాం. పాప చేతి మీద మచ్చ ఉంది. ఇప్పుడు గదిలోకి వస్తుంది, కానీ తలుపు గడియ పడిందో లేదో లాగి చూశాకే కూర్చుంటుంది. ఆ కుర్రకోతే ఇప్పుడు మందకు పెద్ద. అది గోడ ఎక్కగానే మా ఆయన రాడ్ తీసుకుని బయటికి పోతాడు. అత్త వద్దని ఎప్పుడూ అనలేదు.