మావయ్యగారికి రాని ఓటీపీ

ఇది నేను ఏళ్ళ తరబడి మోస్తున్నాను. మోసి మోసి విసుగెత్తిపోయాను. పశ్చాత్తాపం అని గొప్పగా చెప్పుకోవచ్చు గానీ, నిజానికి ముందు వచ్చింది విసుగే. నా మీద నాకు విసుగు, మా మావయ్యగారి మీద విసుగు, ఆయన మంచితనం మీద మరీ విసుగు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

సంగతి చాలా చిన్నది. మావయ్యగారి డ్రైవింగ్ లైసెన్సు రెన్యువల్ చేయిస్తానని చెప్పి చేయించలేదు. కావాలనే. ఇంతేనా అని మీరు అనవచ్చు. నేనూ చాలాకాలం ఇంతే కదా అనుకున్నాను.

నేను ఇల్లరికం అల్లుణ్ణి. విజయవాడ వన్‌టౌన్‌లో మావయ్యగారికి చేనేత బట్టల హోల్‌సేల్ దుకాణం ఉంది. ఆయనకు మా ఆవిడ ఒక్కతే కూతురు. కాబట్టి పెళ్ళితో పాటు దుకాణం కూడా నా చేతికి వస్తుందని పెళ్ళిలో అందరూ అన్నారు. ఎవరూ చెప్పని విషయం ఏమిటంటే, మా వ్యాపారంలో అసలు కుర్చీ గల్లాపెట్టె దగ్గర లేదు, వ్యానులో స్టీరింగు వెనక ఉంది. లుంగీలు, తువ్వాళ్ళు, చీరలు మూటలు కట్టి వ్యానులో వేసుకుని ఒక రోజు ఉయ్యూరు వైపు, ఒక రోజు హనుమాన్ జంక్షన్ వైపు లైనుకు వెళ్ళాలి. దారి పొడుగునా ఉన్న దుకాణాలకు సరుకు వేసి రావాలి. ఆ వ్యాను మావయ్యగారు ఎవరి చేతికీ ఇచ్చేవారు కాదు. దాని క్లచ్చి నాకు లొంగదట. నేను పక్క సీట్లో, వెనక పట్టని మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాణ్ణి.

ఆయన డ్రైవింగు గురించి ఏం చెప్పమంటారు? ఆటోలు కూడా మమ్మల్ని దాటిపోయేవి. రోడ్డుకు గేదె అడ్డం వస్తే అది తనంతట తాను పోయేదాకా ఆగేవారు. హారన్ కొడితే బెదురుతుందట. తెలిసిన మనిషి కనిపిస్తే ఆగేవారు. ఆ కాలవ పక్క దారిలో ఆయనకు తెలియని మనిషంటూ ఉంటేగా! మేము దుకాణం ముందు ఆగగానే యజమాని లేచి వచ్చి ఆయన వైపు తలుపు తీసేవాడు. నా వైపు తలుపు నేనే తీసుకుని, మూటతో సహా దిగేవాణ్ణి. ఎవరైనా నా గురించి అడిగితే, మా అల్లుడుగారండి, కొత్తగా పని నేర్చుకుంటున్నారు అనేవారు. పెళ్ళయిన కొత్తలో అన్నారు, సరే. మా పాప స్కూలుకు వెళ్ళడం మొదలుపెట్టాక కూడా అదే మాట. నేను ఎప్పటికి పాతబడాలి?

అలాంటప్పుడు ఆయన లైసెన్సు గడువు ముగిసింది. చదువుకున్నవారు, ఈ ఆన్‌లైను సంగతులు మీకే తెలుస్తాయి అని పాత లైసెన్సు ఆధార్ కార్డుతో సహా నా చేతిలో పెట్టారు. మెడికల్ సర్టిఫికెట్ కోసం డాక్టరు దగ్గరికి కూడా నేనే తీసుకెళ్ళాను. ఈ వయసులో కళ్ళు ఇంత బాగున్నాయేమిటండీ అని ఆ డాక్టరు మెచ్చుకున్నాడు. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, ఆయన క్షేమం కోసమే ఆ పని చేశానని తర్వాత నాకు నేను చాలాసార్లు నచ్చజెప్పుకున్నాను. అది అబద్ధం. ఆయన నాకంటే శుభ్రంగా నడిపేవారు.

ఆ సాయంత్రం దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చుని వివరాలన్నీ నింపాను. ఇక ఓటీపీ పంపమని బటన్ నొక్కాలి. అది ఆయన ఫోనుకు వస్తుంది. ఆయన నా పక్కన కుర్చీ వేసుకుని, ఫోను రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు. ముందే అనుకుని చేశానా? లేదు. ఇది నొక్కితే మళ్ళీ కొన్నేళ్ళు పక్క సీటే అని ఉన్నట్టుండి తోచింది. చెయ్యి ఆగిపోయింది.

"ఇంకా రాలేదండీ," అన్నారు ఆయన కాసేపటికి.

"సర్వర్ డౌనండి," అన్నాను.

"అయ్యయ్యో, మీకెంత శ్రమండీ! పోనీ రేపు చూద్దురుగాని లెండి. ఫోను మాత్రం నా దగ్గరే ఉంచుకుంటాను. ఎప్పుడొస్తదో ఏమో!"

వాన పడుతోందంటే మనవాళ్ళు కిటికీలోంచి ఒకసారి తొంగి చూస్తారు. సర్వర్ డౌన్ అంటే మాత్రం ఎవరూ ఏమీ చూడరు. పాపం ఆ ఆర్టీఓ ఆఫీసువాళ్ళకు ఇందులో ఏ సంబంధమూ లేదు. తర్వాత స్లాటు దొరకలేదన్నాను. సైటు ఫొటో తీసుకోవడం లేదన్నాను. నోటికి ఏదొస్తే అది చెప్పాను. ప్రతిదానికీ ఆయన తల ఊపారు. అన్నం తినేటప్పుడు కూడా ఫోను కంచం పక్కనే ఉండేది. ఏ చీరల ఆఫర్ మెసేజో వచ్చి టింగుమంటే ఎడంచేత్తో తీసి, కళ్ళజోడు సవరించుకుని చూసి, మళ్ళీ పెట్టేసేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఒక్కసారి అనుమానించవచ్చు కదా? ఇంత చిన్న పని చేతకాదా అని ఒక్కసారి గదమాయించవచ్చు కదా? పోనీ లైసెన్సు లేకుండానే నడపవచ్చు కదా, ఎంతమంది నడపడం లేదు? ఆయన అలా కాదు. గడువు ముగియగానే తాళాలు నాకు ఇచ్చేసి, కొత్తది వచ్చేదాకా బండి ముట్టనన్నారు.

ఏడాది దాటింది. అన్నాళ్ళు దాటితే రెన్యువల్ కుదరదు. ఎల్ఎల్ఆర్ తీసుకుని, ట్రాకు మీద పరీక్షకు వెళ్ళి, అంతా మొదటి నుంచి రావాలి. ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసే అక్కడిదాకా నెట్టుకొచ్చాను. ఆయనకు చెప్పినప్పుడు, ఇప్పుడు ఎల్ బోర్డు కట్టుకుని ఉయ్యూరు వెళ్ళాలాండీ అని నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వు చూస్తే నాకు సంతోషం వేసింది. సిగ్గు కాదు. సంతోషమే. సిగ్గు చాలా తీరిగ్గా వచ్చింది.

ఇప్పుడు దుకాణాల ముందు తలుపు నాకు తీస్తున్నారు. తీస్తూ, పెద్దాయన రాలేదాండీ అని అడుగుతున్నారు. అందరూ. ఆయన మొదట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చునేవారు, తర్వాత అదీ తగ్గించారు. ఆయన స్నేహితులు మా వీధిలో లేరని, అందరూ ఆ దారి పొడుగునా ఉన్నారని నాకు అప్పటిదాకా తట్టలేదు. ఉయ్యూరులో ఆయనతో పాటే వ్యాపారం మొదలుపెట్టిన దుకాణదారు ఒకాయన మంచాన పడ్డారు. లైనుకు వెళ్ళినప్పుడు వాళ్ళబ్బాయి నాకు చెప్పాడు. నేను ఇంటికి వచ్చి చెప్పడం మర్చిపోయాను. ఇది మాత్రం నిజంగానే మర్చిపోయాను. చివరికి ఆ దుకాణదారు పోయిన కబురే చెప్పాల్సి వచ్చింది. మావయ్యగారు నన్ను ఒక్క మాట అనలేదు. వాడిని ఆఖరుసారి ఎప్పుడు చూశానో గుర్తు రావడం లేదే అని మా ఆవిడతో అంటూ, ఆ రోజంతా అదే ఆలోచిస్తూ కూర్చున్నారు.

పోయిన నెల హనుమాన్ జంక్షన్‌లో ఒక కుర్రాడు కొత్త దుకాణం తెరుస్తూ మమ్మల్ని పిలిచాడు. బతిమాలితే మావయ్యగారు కూడా వచ్చారు. ఆ కుర్రాడు ఎదురొచ్చి, ఓనరుగారు మీరేనాండీ అని ఆయనకు దండం పెట్టాడు. ఆయన నా చెయ్యి పట్టుకుని ముందుకు లాగారు.

"నేను కాదు బాబూ, ఈయన ఓనరు. నా లైసెన్సు కోసం ఏడాది పాటు ఈయన పడ్డ తిప్పలు కన్నకొడుకైనా పడడు."

అందరూ నా వైపు మెచ్చుకోలుగా చూశారు. నేను కూల్‌డ్రింకు తాగాను. తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో మేమిద్దరమే ఉన్నాం. గన్నవరం దాకా చెబుదామనే అనుకున్నాను. గన్నవరం వచ్చింది, పోయింది. చెబితే ఏమంటారు? కోప్పడితే నాకు హాయి. కానీ ఆయన కోప్పడరు, నాకు తెలుసు. పోన్లెండి అంటారు. ఆ మాట నేను భరించలేను.

అందుకే మీకు చెబుతున్నాను. మీరు ఏమీ అనక్కర్లేదు. ఆయన చేతిలోంచి నేను లాక్కున్న ఆ స్టీరింగును, ఆయన తనంతట తాను నాకు ఇచ్చానని అనుకుంటున్నారు.