ఒక చేతికి రెండు లెక్కలు

శనివారం సాయంత్రం, అమెరికాలో మా అబ్బాయి ఉండే ప్లేనో. రేపు పొద్దున ఎనిమిదింటికి మా మనవరాలి బేస్‌బాల్ మ్యాచ్ ఉంది. అందుకే ఆగకుండా ఈరోజే రాస్తున్నాను.

మా చిన్నప్పుడు... స్కూల్ క్రికెట్ మ్యాచ్‌లకు స్కోరు రాసేది నేనే. లెక్క తప్పనని డ్రిల్లు మాస్టారు పుస్తకం నాకిచ్చేవారు. మా అన్నయ్య ఫాస్ట్ బౌలర్. ఒకరోజు మ్యాచ్‌లో మాస్టారు ఒకవైపు నుంచి అన్నయ్య చేతే వేయించారు... ఆపకుండా ఇరవై మూడు ఓవర్లు. "ఇంకొక్కటి వెయ్యరా, ఇంకొక్కటే" అంటూ.

పదహారో ఓవర్ నుంచి అన్నయ్య బంతి వేశాక చేయి వెనక్కి పెట్టుకుని వేళ్ళు విదిలించుకోవడం చూశాను. చూస్తూనే స్కోరు పుస్తకంలో పెన్సిల్‌తో బంతికో చుక్క పెట్టాను... నన్నెవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

గెలిచాం. మర్నాడు స్నానానికి కాగు పక్కన పీట మీద కూర్చున్న అన్నయ్య చెంబెత్తి నెత్తిన నీళ్ళు పోసుకోలేకపోయాడు. ఆ చేయి మళ్ళీ భుజం దాటి లేవలేదు...

మా మనవరాలు సాహితికి పదేళ్ళు. జట్టులో ఒక్కతే ఆడపిల్ల. బంతి విసిరే పిచర్. ఎవరు ఎంతసేపు విసరాలో చెప్పేది మేనేజర్. తెలుగాయనే, మా అబ్బాయి స్నేహితుడు. ఈరోజు యాభై ఎనిమిదో బంతికి దాని మోచేయి కిందికి జారింది. విసిరాక చేయి వెనక్కి పెట్టుకుని... అదే విదిలింపు.

లేచి కంచె దగ్గరికి వెళ్ళాను.

"బాబూ, యాభై ఎనిమిది అయ్యాయి. పిల్లను మార్చు."

"లిమిట్ డెబ్బై అయిదు ఆంటీ. ఇంకా పదిహేడు ఉన్నాయి."

"నిన్న ఇంకో టీమ్‌కి నలభై నాలుగు వేసింది."

"అది వేరే లీగ్ ఆంటీ. మా షీట్‌లోకి రాదు."

"చేయి ఒకటే కదా నాయనా."

ఆయన నవ్వి, "ఆంటీని మా స్కోర్‌కీపర్‌గా పెట్టేసుకుంటాం" అన్నాడు మా అబ్బాయితో. విసరగలిగిన పిల్లలు ఇద్దరు బెంచీ మీద ఖాళీగా ఉన్నారు. అయినా డెబ్బై నాలుగు దాకా దీనిచేతే వేయించాడు.

"జీతం లేకుండా చేసే వాలంటీర్‌ని అలా క్వశ్చన్ చేస్తే బాగోదమ్మా. రేపు సెమీస్" అన్నాడు మా అబ్బాయి కార్‌లో.

"ఐ యామ్ ఫైన్ నానమ్మా" అంది సాహితి... సీటు బెల్టు ఎడమచేత్తో లాక్కుంటూ.

రెండు రోజుల్లో నూట పద్దెనిమిది. ఆ మొత్తం ఏ షీట్‌లోనూ లేదు.

అప్పట్లో బంతులు లెక్కపెట్టి ఆపేవారు లేరు. ఇప్పుడు జట్టుకో యాప్ ఉంది... రెండు జట్ల లెక్కలూ కలిపి చూసేవారే లేరు. మీ ఇళ్ళల్లో "ఇంకొక్కటి" అనిపించుకుని పాడైన చేతులుంటే కింద రాయండి. మా అబ్బాయి చదువుతాడు.

ఇక జరగవలసినవి:

1. ఇద్దరు మేనేజర్లకూ ఈ మొత్తం ఈ రాత్రికే మా అబ్బాయి పంపాలి.
2. సోమవారం సాహితిని డాక్టర్‌కి చూపించాలి. నొప్పి లేదన్నా సరే.
3. రేపు సాహితి బంతి ముట్టకూడదు.
4. ముట్టమంటే, కంచె తలుపు తీసుకుని నేనే లోపలికి నడుస్తాను. ఆట ఆగితే ఆగనివ్వండి.