కన్నీటి సుడి ఉన్న గుర్రం

మా అన్న ఆ ఆడగుర్రాన్ని బీచుపల్లి రేవు దగ్గర ఒక వ్యాపారి వద్ద కొని, వనపర్తి పక్కన ఉన్న మా ఊరికి దాని మీదే వచ్చాడు. అప్పట్లో మోటార్లు సంస్థానం వాళ్లకే ఉండేవి. దూరపు చేలు చూసుకోవడానికి అన్నకు గుర్రమే దిక్కు. వాకిట్లో దిగి, అరబ్బీ గుర్రమని గొప్పగా చెప్పాడు. నేను నాగర్‌కర్నూల్‌లో చదువు ముగించి ఇంట్లో ఉన్నాను. నాకు ఏ గుర్రమైనా ఒకటే.

వదిన గద్వాల మనిషి. ఆమె పుట్టింట్లో తాతల నాటి నుంచి గుర్రాలుండేవి. తలుపు చాటు నుంచి చూసి నవ్వింది.

"అరబ్బీదైతే మొఖం నడుమ లోపలికి వంగి ఉంటది. దీని చెవులు చూడు మరిదీ, కొసలు ఎట్ల లోపలికి తిరిగి కలుస్తున్నయో. గుజరాతు దిక్కు కాఠియావాడిది. వ్యాపారి మీ అన్నకు మాటలే అమ్మిండు."

అన్న ముఖం చిన్నబోయింది. ఆమె అన్నను మళ్లీ ఎక్కి నడిపించమంది. గుర్రానిది మట్టిరంగు ఒళ్లు, వెన్ను పొడుగునా నల్లచార. ఒక పక్క కాళ్లు రెండూ కలిసి కదిలాయి. పైనున్న అన్న నడుము కదలలేదు. ఆ నడకను రవాల్ అంటారనీ, దూరాలు తిరిగేవాళ్లకు ఇదే మేలనీ చెప్పింది. అన్న తేరుకున్నాడు.

నాన్న గుర్రం జాతి అడగలేదు. మా వైపు పెద్దవాళ్లు గుర్రానికి ముందు సుళ్లు చూస్తారు, అంటే వెంట్రుకలు గుండ్రంగా తిరిగిన చోట్లు. కంటి కింద ఉంటే అది కన్నీటి సుడి. ఎక్కేవాడి భార్య ఏడుస్తుందని నమ్మకం. నాన్న గుర్రం ముఖాన్ని వెలుతురుకు తిప్పాడు. ఎడమ కంటి కింద సుడి ఉంది. పొద్దున్నే వ్యాపారికి తిరిగి ఇచ్చెయ్యమన్నాడు. అన్న ఎదురు చెప్పలేదు, కళ్లెం వదలనూ లేదు.

మామ ముందు వదిన నోరు తెరవడం అదే మొదలు.

"సుడి నేను మొదలే చూసిన మామా. ఏడిస్తే నేనే గద ఏడ్వాలె. నాకు లేని భయం మీకెందుకు?"

నాన్న గుర్రాన్ని కొట్టంలో కట్టమన్నాడు.

అన్న దాని మీదే శ్రీరంగాపూర్ వైపు, ఉప్పునుంతల వైపు ఏండ్ల తరబడి తిరిగాడు. తర్వాత ఒక వానాకాలం జ్వరంతో పోయాడు. పరామర్శకు వచ్చిన ఆడవాళ్లు వదిన వినేట్టే సుడి మాట ఎత్తారు. ఆమె గది దాటకూడని రోజులవి. గుర్రాన్ని లోపలి వాకిట్లోకి తెమ్మని నాతో చెప్పింది. గడప దాటి వచ్చి, అందరి ముందూ తన చేత్తో ఉడకబెట్టిన ఉలవలు పెట్టింది. ఇంకా దీన్ని ఉంచుకుంటావా అని మా మేనత్త మందలించింది.

"ఆయనను తీస్కపోయింది జ్వరం, పెద్దమ్మా. ఇది ఆయనను ఒక్కనాడు కింద పడెయ్యలే."

ఆ గుర్రం ముసలిదై చచ్చేదాకా మా కొట్టంలోనే ఉంది.

ఈ నెల వదిన పోయింది. వచ్చినవాళ్లు ఆమె ఓర్పు గురించి మాట్లాడుతున్నారు. నేను వాళ్లను కూర్చోబెట్టి ఈ సంగతి చెబుతున్నాను.