సంచిలో పొడిబట్టలు

నాకు విమానం నడపడం నేర్పిన సార్ పోయారని పొద్దున్నే ఫోన్ వచ్చింది. కౌకూర్‌లో వాళ్లింటికి వెళ్లి, కాళ్లకు దండం పెట్టి వచ్చాను. పోయినవాళ్లంతా మంచివాళ్లే అంటారు. ఆయనా మంచివాడే. కానీ ఆయన పోయినా నా కోపం పోలేదు.

తొంభైల చివర మేడ్చల్ దగ్గర ఒక చిన్న ఫ్లయింగ్ క్లబ్బులో ప్రైవేట్ పైలట్ లైసెన్సు కోసం చేరాను. ఆడపిల్లను నేనొక్కదాన్నే. శామీర్‌పేట చెరువు దాటగానే సార్ చెప్పాపెట్టకుండా ఇంజను తగ్గించేసేవారు.

"ఇంజన్ బందైంది బిడ్డా. యాడ దించుతవ్?"

మొదటిసారి, పచ్చగా చదునుగా కనిపించిన చోటు చూపించాను. ఆయన నవ్వారు. "అది ద్రాక్షతోట. పందిరి కింద రాతి కడీలుంటయ్, కడుపుల దిగుతయ్. పచ్చగున్నదల్ల మెత్తగుండదు." ఆ మాట నాకు నేల మీద కూడా చాలాసార్లు పనికొచ్చింది. రన్‌వే పక్కన గాలివాటం చూపే గుడ్డ గాలిసంచి ఎగురుతున్నా ఆయన నమ్మేవారు కాదు. చిటికెడు దుమ్ము తీసి వదిలి, గాలి ఎటో చూసుకునేవారు. కంట్రోల్ మీద నా చెయ్యి బిగుసుకుంటే, "పరేషాన్ గాకు. అది గుంజితే నువ్వు గుంజకు" అనేవారు.

క్లబ్బులో ఒక ఆనవాయితీ ఉండేది. ఏదో ఒక రోజు సార్ హఠాత్తుగా విమానం దిగి, తలుపు వేసి, వెనక్కి చూడకుండా నడిచి వెళ్లిపోతారు. ఇక నువ్వొక్కడివే ఎగురు అని దానర్థం. తిరిగి దిగాక అందరూ కలిసి నెత్తిన బకెట్ నీళ్లు కుమ్మరిస్తారు. అలా ఒంటరిగా ఎగరనిదే లైసెన్సు రాదు. అందుకని రోజూ సంచిలో ఒక జత బట్టలు పెట్టుకుని వెళ్లేదాన్ని. నా తర్వాత చేరిన అబ్బాయిలు, దించేటప్పుడు విమానం చేత కప్పగంతులు వేయించినవాళ్లు కూడా తడిసి ముద్దయ్యారు. నా పక్క సీట్లోంచి మాత్రం సార్ ఒక్కనాడూ దిగలేదు. సాయంత్రం అమ్మ సంచి విప్పి, "ఇయ్యాల గూడ పొడిగనే తెచ్చినవా?" అనేది.

సార్‌ని అడిగితే "రేపు సూద్దాం" అనేవారు. ఒకసారి గట్టిగా నిలదీశాను.

"మొగపిల్లగానికి ఏమన్నైతే తలరాత అంటరు. నీకేమన్నైతే మీ బాపుకు నేనేం జెప్పాలె?"

మా బాపు నన్ను పంపిందే ఎగరడానికి. ఆ సంగతి ఆయనకెందుకు పట్టలేదో! ఆ రేపు రాకముందే ఉన్న ఒక్క విమానం మూలనపడింది, క్లబ్బు మూతపడింది.

చాలా ఏళ్లకు కొంపల్లిలో కూరగాయల బండి దగ్గర కనిపించారు. భార్యకు నన్ను చూపించి, "అందరికన్న మంచిగ దించేది గీ పిల్లనే" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. అంటే నాకు చేతనవునని తెలిసే ఆయన విమానం దిగలేదన్నమాట. తెచ్చిపెట్టుకున్న నవ్వు నవ్వి వచ్చేశాను. ఆయన నేర్పిన పని ఇంకా చేతిలోనే ఉంది. ఖాళీ జాగా కనిపిస్తే ఇప్పటికీ గాలి ఎటు వీస్తోందో చూస్తాను. అందుకే ఆయన్ని పూర్తిగా తిట్టుకోలేను, క్షమించనూ లేను.

ఇవాళ కౌకూర్ నుంచి తిరిగొచ్చేసరికి అమ్మ గేటు దగ్గరే అడ్డుపడింది.

"సావుకు పోయొచ్చి అట్లనే లోపటికొస్తవా? ఆణ్నే నిలవడు."

నిలబడ్డాను. అమ్మ బకెట్ ఎత్తి నెత్తిన కుమ్మరించింది. కళ్లు తుడుచుకుని చూస్తే, ఎదురుగా ఒక జత పొడిబట్టలు పట్టుకుని నిలబడి ఉంది.