సాల్మన్ మోసుకెళ్లిన ఐసు డబ్బా

నిన్న పొద్దున షాపు షట్టరు సగం ఎత్తానో లేదో ఫోన్ మోగింది. సాల్మన్ భార్య సుగుణ.

“కాకా, మీ సాల్మన్ పోయిండు” అంది.

నేను ముందు అడిగిన మాట “ఏ సాల్మన్?” అని.

నాకు తెలిసిన సాల్మన్ ఒక్కడే.

హార్ట్ ఎటాక్. చాయ్ తాగుతూ కుర్చీలోనే. టైపింగ్‌లో తప్పులుంటే సర్దుకోండి.

తెలియనివాళ్ల కోసం చెప్తాను. సాల్మన్ సొంతూరు మెదక్. ఇక్కడ ఒక వైరస్ ల్యాబులో దోమలు పట్టే ఉద్యోగం. నవ్వకండి, నేనూ మొదట్లో నవ్వాను. రబ్బరు గొట్టానికి గాజు గొట్టం తగిలించి, మంచాల కింద, బీరువాల వెనక టార్చి వేసి, నోటితో పీల్చి పట్టేవాడు. నోట్లోకి రాకుండా మధ్యలో చిన్న జాలీ ఉంటుందిలెండి.

తర్వాత వాటిని చంపి ఐసులో పెట్టి ల్యాబుకి తీసుకెళ్తారు. మైక్రోస్కోప్ కింద జాతి చూసి, మగవాటిని తీసేసి, ఆడవాటిని పది, ఇరవై కలిపి ఒక్కో ట్యూబులో నూరతారు. అందులో డెంగీ లాంటి వైరస్ జాడ ఉందో లేదో మిషన్ చెప్తుంది. మనిషికి జ్వరం రాకముందే దోమను అడిగి తెలుసుకోవడం అన్నమాట.

ఆ మైక్రోస్కోపులు బాగుచేసేది నేను. ఆబిడ్స్ సందులో నా కొట్టు, మీకు తెలుసు. చదివింది ఏడో క్లాసు. మిగతాదంతా స్క్రూడ్రైవర్ నేర్పింది.

ఇక అసలు సంగతి. ఇది రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

నాంపల్లిలో మాది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. మా కోడలు రేఖకి ఏడో నెల. మెట్లు దిగొద్దు, కదలొద్దు అన్నారు డాక్టరమ్మ. ఇంతలో కింది ఫ్లోర్‌లో ఇద్దరికి డెంగీ. అది ఈ బిల్డింగ్ దోమల వల్లేనా, బయట ఎక్కడైనా కుట్టాయా? ఇక్కడివే అయితే రేఖను కుర్చీలో కూర్చోబెట్టి, మెట్లు దింపి, హిమాయత్‌నగర్‌లో వాళ్ల అక్క ఇంటికి చేర్చాలి. కాకపోతే కదపకూడదు. రెండింట్లోనూ భయమే.

సాల్మన్‌కి చెప్పాను. మర్నాడే వచ్చి మూడు అంతస్తులూ గాలించాడు. వెళ్తూ వెళ్తూ, రిపేరుకిచ్చిన మైక్రోస్కోప్ ఐపీస్ తీసుకోవడానికి నా కొట్టు దగ్గర ఆగాడు.

అక్కడ మొదలుపెట్టాను నేను.

బషీర్‌బాగ్ నుంచి ఒక లెక్చరర్ వచ్చి, కొత్త రకం క్రిమి కనిపెట్టానని నోట్‌బుక్ నిండా బొమ్మలు గీసి చూపించిన కథ. అది ఆయన లెన్స్ మీద పట్టిన బూజు. చిన్న కథే. కానీ నేను చెప్తే అందులో యాభైయారులో రాష్ట్రం కలిసినప్పుడు మా నాన్న గుంటూరు నుంచి రావడం, ట్రంకు పెట్టె పోవడం, అన్నీ వస్తాయి. గంటన్నర పట్టింది. సాల్మన్ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు.

వాడు గుమ్మంలో పెట్టిన థర్మోకోల్ ఐసు డబ్బా మీదికి ఎండ ఎప్పుడొచ్చిందో ఇద్దరం చూడలేదు.

మూత తీస్తే నీళ్లు. నీళ్లలో గోరువెచ్చగా దోమల ట్యూబులు.

వాడు ఒక్కో ట్యూబూ తీసి చూశాడు. వేడికి వైరస్ జాడ పాడైపోతుందని తర్వాత చెప్పాడు.

నేను తెలివితేటలు ప్రదర్శించాను. ఎవరికి తెలుస్తుంది, ఇచ్చేయ్, నెగెటివ్ వస్తే మా ఇంట్లో అందరం నిమ్మళంగా పడుకుంటాం అన్నాను.

“నెగెటివే వస్తది కాకా. దోమల్ల వైరస్ లేకపోయినా వస్తది, ఉన్నా వస్తది. గా కాయితం నమ్మి మీ కోడలు కిటికీ తెరుస్తది” అన్నాడు. కొంచెం ఆగి, “మనం ఖరాబ్ చేసినం. మళ్ల పట్టుకొస్త” అన్నాడు.

మనం అన్నాడు. నీ వల్లే అనలేదు.

శాంపిల్ పనికిరాదని తన సంతకంతోనే రాసిచ్చాడట. ఆఫీసులో మాటలు కూడా పడ్డాడట. నా పేరు మాత్రం చెప్పలేదు.

మొన్న సోమవారం మళ్లీ వచ్చి మూడు అంతస్తులూ ఎక్కాడు. ఆయాసపడుతున్నాడని రేఖ మంచినీళ్లిచ్చింది. మధ్యాహ్నం నా కొట్టు ముందు నుంచే వెళ్లాడు. స్టూలు లాగి, “సాల్మన్, రెండు నిమిషాలు” అన్నాను.

ఆగలేదు. డబ్బా కొంచెం పైకెత్తి చూపించి, నవ్వి, ట్రాఫిక్‌లో కలిసిపోయాడు.

నేను కాస్త చిన్నబుచ్చుకున్నాను, అబద్ధం ఎందుకు.

అదే ఆఖరి చూపు.

నా కథ వల్లే కదా మళ్లీ మెట్లెక్కాడు అని ఈరోజు సమాధి దగ్గర సుగుణ ముందు బయటపడ్డాను. “డాక్టర్ పోయినేడే చెప్పిండు కాకా, గుండె మంచిగ లేదని. నేను జెప్పినా ఇన్నడా, మీరు జెప్తే ఇంటడా?” అంది. నన్ను ఓదార్చడానికే అంది. ఓదార్పు అందలేదు.

సాల్మన్‌తో పనిచేసే అమ్మాయి అక్కడే ఉంది. ట్యూబులు మంచి చలిలో చేరాయట, రిజల్ట్ రేపు సాయంత్రం చెప్తానంది.

ఇంటికి రాగానే దోమతెరలోంచి రేఖ అడిగింది, “మామయ్యా, వచ్చిందా?” అని.

రేపు అన్నాను.

కుర్చీ తుడిచి తలుపు పక్కన పెట్టాను. మోయడానికి నలుగురిని రమ్మన్నాను. పాజిటివ్ అంటే దింపుతాం, నెగెటివ్ అంటే కుర్చీ లోపల పెట్టేస్తాం. భయమైతే పోలేదు. కానీ ఏది వచ్చినా రెండోసారి అడగను. ఆ డబ్బా ఎక్కడా ఆగకుండా వెళ్లింది.

వెళ్లిరా సాల్మన్. నువ్వు నమ్మిన ప్రభువు ఒడిలో, ఎక్కాల్సిన మెట్లేవీ లేని చోట హాయిగా ఉండు.