యిర్మియా ఇనుప డబ్బా

మా తమ్ముడు యిర్మియా ముప్పై నాలుగేళ్లు బొగ్గుబాయిలో ఎలక్ట్రీషియన్‌గా చేశాడు. బాయి అతనికి పింఛనుతో పాటు చెవుడు కూడా ఇచ్చింది. ఇప్పుడు గోదావరిఖనిలో ఇల్లు కట్టుకుని, ఊపిరితిత్తులు పాడైన భార్య హన్నాను చూసుకుంటున్నాడు. ఆమె పగలూ రాత్రీ ఆక్సిజన్ మిషన్ మీదే. ఆ మిషన్ కూత పెడితే వీధి చివర కుక్క లేస్తుంది గానీ పక్కన కూర్చున్న మావాడు లేవడు.

అందుకే ఫోన్లో వీడియోలు చూసి అరచేతంత కంప్యూటర్ ఒకటి తయారు చేసుకున్నాడు. హన్నా వేలి క్లిప్పులో ఆక్సిజన్ లెక్క తగ్గినా, క్లిప్పు ఊడినా అది వైఫై మీద కబురు పంపాలి. అతని జేబులో ఫోన్ వణకాలి, నస్పూర్‌లో ఉన్న కూతురు దీప ఫోన్ మోగాలి. చెప్పుకోవడానికి బాగానే ఉంది. పదిసార్లలో ఆరుసార్లు కబురే పోయేది కాదు.

మొన్న మంగళవారమూ పోలేదు. అతను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే క్లిప్పు ఊడి, ముక్కు గొట్టమూ జారి, హన్నా పెదవులు నల్లబడ్డాయి. కూర గిన్నె పట్టుకుని నేను వెళ్లాను కాబట్టి సరిపోయింది. దీప ఫోన్లో ఒకటే మాట చెప్పింది: "ఆదివారం బండి మాట్లాడుకొని వస్త. అమ్మను తీస్కపోత."

హన్నాకు ఈ ఇల్లు వదలడం ఇష్టం లేదు. యిర్మియా సంగతి చెప్పక్కర్లేదు. వైఫై పెట్టె మార్చాడు, గోడకు ఎత్తున బిగించాడు. శనివారం నేను వెళ్లేసరికి కొత్త యాంటెన్నా ముందేసుకుని కూర్చున్నాడు. అసలు కంప్యూటరేమో మందపాటి ఇనుప డబ్బాలో ఉంది, ఎనిమిది బోల్టులు బిగించి. బాయిలో స్విచ్చులన్నీ అలాంటి డబ్బాల్లోనే ఉంటాయి, లోపలి నిప్పురవ్వ బయటి గ్యాసుకు అంటకుండా.

చెవి దగ్గరికి పోయి అరిచాను. "ఏందిరా ఇది? నా ఫోన్ ఇనుప బీరువల పెడితేనే మోగది. మూడో తరగతి సదివినదాన్ని నాకెర్క, నీకెర్క లేదా?"

"ఎర్కేనక్కా."

చేతిలో యాంటెన్నా కింద పెట్టాడు.

"బాయిల మూత తీసిన డబ్బ కాడనే నాతోని పనిచేసే లింగమూర్తి కాలిపోయిండు, నా పక్కన. ఈడ ఆక్సిజన్ ఉన్నది. రవ్వ లేస్తే?"

మంచం మీంచి హన్నా అందుకుంది. "నన్ను కాపాడుమంటే ఆ డబ్బను కాపాడుతున్నడు, వదినె."

"ముందల రూముల పెట్టు, ఆక్సిజన్‌కు దూరముంటది. క్లిప్పు వైరు పొడుగు చెయ్యి," అన్నాను. "ప్లాస్టిక్ డబ్బ నేనిస్త. చింతపండుది, కడిగిందే."

బోల్టులు విప్పడానికి గంట పట్టింది. ఆఖరిదాని దగ్గర అతని చేయి ఆగిపోయింది. పానా లాక్కోబోతే నాకివ్వలేదు. తానే తిప్పాడు.

కంప్యూటర్ ముందుగదికి చేరాక హన్నా ఎవరినీ అడగకుండా వేలి క్లిప్పు పీకేసింది. యిర్మియా జేబు వణికింది. మళ్లీ పెట్టుకుని మళ్లీ పీకింది. మళ్లీ వణికింది. ఐదోసారికి "సాలు, సాలు" అని ఆమె చేయి పట్టుకున్నాడు.

అంతలో నా ఫోన్ మోగింది. ఇది పరీక్ష అని దీపకు చెప్పడం మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. ఐదు కబుర్లు అందుకుని పిల్ల ఏడుస్తోంది. "అత్తా, అమ్మకేమైంది? చెప్పు!"

స్పీకర్ నొక్కి ఫోన్ హన్నాకిచ్చాను. "ఏం గాలే బిడ్డ. కబురు మంచిగ పోతుందా లేదా అని చూసినం."

దీప ముక్కు చీదింది. తర్వాత, "రేపు ఉత్తగనే వస్త, బండి తేను," అంది. "గని మళ్ల ఒక్కసారి కబురు రాకుంటే, నేను ఎవ్వరి మాట విన."

యిర్మియా మా మొహాలు చూస్తూ నిలబడ్డాడు. "ఏమన్నది?"

"ఉండనిస్తదట," అని చెవిలో అరిచాను. "ఒక్కసారి తప్పేదాక."