మామ్మ జుట్టు పెంచుకున్న ఏడాది

మొన్న పలాసలో మా అమ్మాయి ఇంట్లో ఉండగా, మనవరాలు ఫోనులో ఓ డాక్యుమెంటరీ చూసింది. జర్మనీలో నాజీలు నడిపిన నిర్బంధ శిబిరాల గురించి తీసినది. అయిపోయాక, కింద జనం రాసిన అభిప్రాయాలు నాకు చదివి వినిపించింది. అన్నం సయించలేదని ఒకరు, అవన్నీ ఇప్పుడు మనకెందుకని ఇంకొకరు, వెనక వాయించిన ఫిడేలు ఎవరిదని వేరొకరు. ఆ మూడో మనిషిని నాలుగు దులపాలనిపించింది గానీ, నా చిన్నప్పుడు అలాంటి బొమ్మే మా ఊళ్ళో ఆడినప్పుడు మేం చేసిన నిర్వాకం గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

ఆ రోజులు ఎరిగినవారికి నేను కొత్తగా చెప్పేదేముంది! వజ్రపుకొత్తూరు దాటాక, సముద్రపు హోరు వినబడే కొబ్బరితోటల ఊరు మాది, నాన్నగారు అక్కడి బడిలో మాస్టారు. అప్పుడప్పుడూ ప్రొజెక్టరు వేసుకుని సర్కారువారి జీపొకటి వచ్చేది. బడి ముందు తెర కడితే చాలు, పొద్దుగుంకకముందే చాపలు పరుచుకుని ఊరంతా కూర్చునేది. వరికి పట్టే తెగుళ్ళ బొమ్మనైనా పౌరాణికమంత భక్తిగా చూసేవాళ్ళం. నాన్నగారి తల్లి, మా మామ్మ, మాత్రం పక్కనే ఉన్న మా ఇంటి అరుగు మీద నుంచే చూసేది. పసితనంలోనే భర్త... కాదు, పసితనమంటే అతిశయోక్తి, నాన్నగారు చంకలో ఉండగా భర్త పోతే, అప్పటి మా ఇళ్ళ ఆచారం ప్రకారం ఆవిడ తల గొరిగించారు. ఆ తర్వాత నెలనెలా మంగలి తాత వచ్చి గుండు గీసి వెళ్ళేవాడు.

ఆ సాయంత్రం బొమ్మలో మాటలన్నీ ఇంగ్లీషే. తెర మీద కంచె వెనక, చారల బట్టల్లో, ఆడా మగా అందరూ గుండ్లతో వరసకట్టి నిలబడ్డారు. జీడిపప్పు ఒలిచే పనికి వెళ్ళొచ్చే మా పక్కింటి పెద్దమ్మ చేతులు జోడించేసింది.

“ఏ దేవుడి మొక్కో ఏటో గానీ, ఊరూరంతా గుండ్లు సేయించుకున్నారు సూడండమ్మా!”

సింహాచలం అప్పన్నకు తలనీలాలిచ్చుకునేవాళ్ళం కదా, మాకందరికీ అలాగే తోచింది. కొందరు గోవిందలు కూడా కొట్టారు.

“అవి మొక్కు గుండ్లు కావే,” అంది మామ్మ అరుగు మీద నుంచి. “వాళ్ళనెవరూ అడగలేదు.”

అంతలో తెర మీదికి ఆడవాళ్ళ జుట్టు వచ్చింది, కళ్ళం మీద గడ్డి పోసినట్టు కుప్పలుకుప్పలుగా. నాన్నగారు లేచి, ఆ మనుషుల్ని బలవంతాన గుండ్లు గీసి చంపేశారని తెలుగులో చెప్పి కూర్చున్నారు. గోవిందలు కొట్టినవాళ్ళం తలలు దించుకున్నాం. పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ నెల మంగలి తాత కత్తుల పొది పట్టుకుని పెరట్లోకి వస్తే, ఇక వద్దని మామ్మ చెప్పేసింది. ఇప్పటివాళ్ళకు ఇదేం గొప్ప అనిపిస్తుంది గానీ, జుట్టున్న వితంతువు వండితే ఆచారం పాటించే ఇళ్ళలో ముట్టేవారు కాదు. కోటబొమ్మాళిలో మా చినతాతగారింట ఏ తద్దినమైనా మామ్మ చేతి వంటే. ఆవిడకు లోకంలో ఉన్న గౌరవమల్లా ఆ పొయ్యి దగ్గరే. అది పోతుందని నాన్నగారు మెల్లగా గుర్తుచేశారు.

“నాకూ వాళ్ళకీ పోలికేవిటిరా, నాకు వేళకి అన్నం పెట్టారు. కానీ అది చూశాక కత్తి కింద తల పెట్టలేను నాయనా.”

నాన్నగారు మంగలి తాతకు బియ్యం, కొబ్బరికాయలు ఎప్పటిలాగే ఇచ్చి పంపారు. కోటబొమ్మాళి నుంచి మళ్ళీ పిలుపు రాలేదు, ఆ తద్దినాల రోజుల్లో మామ్మ ఉదయం నుంచీ వీధివైపే చూస్తూ అరుగు మీద కూర్చునేది. నాకు ప్రాణం ఉసూరుమనేది.

జుట్టు చెవులు దాటాక, తెల్లగా, పట్టులా ఉన్న ఆ జుట్టుకు నేనే కొబ్బరినూనె రాసేదాన్ని. మొదటిసారి దువ్వెన పట్టుకుని, ముందుకు దువ్వనా వెనక్కా అని అడిగితే, “నన్నా అడుగుతున్నావు?” అని మామ్మ నా మొహంలోకి చూసింది.

ఇప్పుడు పలాసలో మనవరాలితో పార్లరుకు వెళ్తే, కుర్చీలో కూర్చోగానే ఎలా కావాలమ్మా అని అడుగుతారు. అది వినడానికి ఎంత హాయిగా ఉంటుందో! మామ్మను మాత్రం ఆ మాట అడిగింది పదేళ్ళ పిల్లనైన నేనొక్కదాన్నే, అదీ ఆవిడకు అరవై దాటాక.